దర్బారు, శాసనసభ, వెండితెర

చారిత్రక చలనచిత్రాన్ని సమీక్షించేటప్పుడు అది చరిత్రను ఎంత నిజంగా చూపింది అని అడగటం మనకు అలవాటు. కిరీటం ఆ కాలానిదేనా, యుద్ధం ఆ సంవత్సరంలోనే జరిగిందా, ఆ రాణి పేరు అదేనా అని లెక్కలు తీస్తాము. ఈ లెక్కలు అవసరమే. కాని వీటితో విమర్శ పూర్తి కాదు. సినిమాహాలు నుండి బయటికి వచ్చే ప్రేక్షకుడు తేదీలను వెంట తెచ్చుకోడు. ఒక ప్రశ్నను వెంట తెచ్చుకొంటాడు. “ఎవడు మంచివాడు, ఎవడు ద్రోహి?” అన్న ప్రశ్నతో అతడు ఇంటికి పోవచ్చు. “ఈ అధికారం వీళ్ళకెక్కడిది, దాన్ని మార్చినవాళ్ళెవరు?” అన్న ప్రశ్నతోనూ పోవచ్చు. ఈ రెండింటిలో ఏ ప్రశ్నను చిత్రం ప్రజలకు నేర్పుతున్నదో పరిశీలించటమే అభ్యుదయ విమర్శకుని ముఖ్యమైన పని.

ఈ దృష్టితో ఇక్కడ మూడు చిత్రాలను పరిశీలిస్తాను. 1962లో వచ్చిన “మహామంత్రి తిమ్మరుసు” మొదటిది. అమెరికా అధ్యక్షుని గురించి 2012లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన “లింకన్” రెండవది. 2019లో వచ్చిన “ఎన్.టి.ఆర్. మహానాయకుడు” మూడవది. ఒకటి పెనుకొండ కోటను తలపించే కథ. ఒకటి వాషింగ్టన్ కథ. ఒకటి హిందూపురం ఓటర్లు 1985, 1989, 1994 ఎన్నికలలో మూడుసార్లు శాసనసభకు పంపిన నాయకుని కథ. దేశకాలాలు వేరైనా మూడింటి ఇతివృత్తం ఒక్కటే: రాజ్యం నడిపే మనిషి. కాబట్టి వీటిని పక్కపక్కన పెట్టి చూడటం అసంగతం కాదు. చూస్తే మన తెరకు ఏమి చేతనైందో, ఏమి చేతకాలేదో స్పష్టంగా తెలుస్తుంది.

1

“మహామంత్రి తిమ్మరుసు” గౌతమీ ప్రొడక్షన్స్ వారి చిత్రం. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు రచన, పెండ్యాల నాగేశ్వరరావు సంగీతం. తిమ్మరుసు గుమ్మడి వెంకటేశ్వరరావు; కృష్ణదేవరాయలు నందమూరి తారక రామారావు. ఉత్తమ తెలుగు చిత్రంగా దానికి రాష్ట్రపతి రజతపతకం వచ్చింది. అర్హత లేకుండా వచ్చిన గౌరవం కాదు అది. చిత్రం పేరులోనే ఒక విశేషం ఉన్నది. రాజు పేరు పెట్టటానికి అన్ని అవకాశాలూ ఉండగా మంత్రి పేరు పెట్టారు. సింహాసనంమీద కూర్చున్నవాడి శృంగారవీరాలతో సరిపెట్టుకోకుండా, ఆ సింహాసనాన్ని నిలబెట్టినవాడి మేధను కథకు కేంద్రం చేశారు. గుమ్మడి గొంతు పెద్దది చెయ్యకుండానే పాత్ర బరువును నిలబెట్టాడు. రాజ్యమంటే కత్తి మాత్రమే కాదు, ఆలోచన కూడా అని తెలుగు ప్రేక్షకునికి చెప్పిన చిత్రాలు ఎక్కువ లేవు.

కాని కథ ఎటు నడిచింది? శత్రువుల కుట్రవల్ల యువరాజు చనిపోతాడు. నింద మంత్రిమీద పడుతుంది. రాయలు కోపావేశంలో అతని కళ్ళు తీయించమని ఆజ్ఞాపిస్తాడు. నిజం బయటపడేసరికి ఆలస్యమవుతుంది. మంత్రి గుడ్డివాడవుతాడు, రాజు కుమిలిపోతాడు, ప్రేక్షకుడు కన్నీరు పెడతాడు.

ఆ కన్నీరు దేనికోసం? నిరపరాధికి శిక్ష పడినందుకు. అంతేగాని, ఒక మనిషి నోటి మాటతో ఇంకొక మనిషి కళ్ళు పోగల వ్యవస్థ ఉన్నందుకు కాదు. ఒకసారి తరగతిలో ఈ కథ ప్రస్తావనకు వచ్చినప్పుడు ఒక విద్యార్థిని, “సార్, తిమ్మరుసు నిజంగానే తప్పు చేసివుంటే అప్పుడు కళ్ళు తీయించటం న్యాయమేనా?” అని అడిగింది. చిత్రం మొత్తంమీద ఎవరూ అడగని ప్రశ్న అది. విచారణ లేదు, సాక్ష్యం లేదు, ప్రతివాదం లేదు. రాజు ఆవేశం ఉన్నది, పశ్చాత్తాపం ఉన్నది. రాచరికపు అన్యాయం ఇక్కడ వ్యవస్థ స్వభావంగా కాక, ఒక మంచి రాజు చేసిన పొరపాటుగా కనిపిస్తుంది. పొరపాటు దిద్దుకొంటే వ్యవస్థకు మచ్చ లేదన్న మాట! భూస్వామ్య సాహిత్యం వందల ఏళ్ళుగా చేస్తూ వచ్చిన పని ఇదే.

పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ 1530ల నడుమ విజయనగరంలో ఉండి రాసిపెట్టిన వృత్తాంతం దీనికన్నా కటువుగా ఉంటుంది. అతను చెప్పిన ప్రకారం వెనుకటి రాజు తన తరువాత కృష్ణరాయలు సింహాసనం ఎక్కకుండా అతని కళ్ళు తీయించమని తిమ్మరుసును ఆజ్ఞాపించాడు. తిమ్మరుసు మేక కళ్ళు చూపించి రాయలను కాపాడాడు. తరువాత, యువరాజుకు విషం పెట్టించారన్న అనుమానంమీద, ఆ రాయలే తిమ్మరుసునూ కొడుకులనూ ఖైదుచేసి కళ్ళు తీయించాడు. స్థానిక ఐతిహ్యం ఆ ఖైదును పెనుకొండ కోటలో పెట్టింది. నూనిజ్ చెప్పిన ప్రతిదీ నిజమని మనం ఒప్పుకోనక్కరలేదు. కాని ఆ వృత్తాంతంలో ఒక సంగతి స్పష్టంగా కనబడుతుంది: కళ్ళు తీయించటం ఆ దర్బారులో ఒక రాజు చేసిన పొరపాటు కాదు, అధికారం చేతులు మారేటప్పుడు వాడే సాధనం. ఇంత నాటకీయమైన సత్యం చేతికి అందుతూండగా మన చిత్రం దాన్ని వ్యక్తుల విధివిలాసంగా మార్చుకొన్నది.

2

దర్బారు గోడలకు అవతల ఏమి ఉన్నది? ఈ ప్రశ్నకు సమాధానం లేదని చెప్పటానికి వీలులేదు. 1520 ప్రాంతాల విజయనగరాన్ని చూసిన పేయిస్ అనే మరొక పోర్చుగీసు యాత్రికుడు రాయలు తవ్విస్తున్న పెద్ద చెరువు గురించి రాశాడు. అక్కడ పదిహేను ఇరవైవేలమంది జనం చీమల్లాగా పనిచెయ్యటం, కింద నేల కనపడకపోవటం అతను చూశాడు. ఆ కట్ట తెగిపోతూంటే అరవైమంది మనుషులను బలి ఇవ్వమని రాజు ఆజ్ఞాపించినట్లు కూడా రాశాడు. భూమి దున్నేవాడు పంటలో పదింట తొమ్మిది వంతులు దొరలకు అప్పజెప్పేవాడని నూనిజ్ రాశాడు. ఆ లెక్కలో అతిశయోక్తి ఉండవచ్చు. భారం మాత్రం కల్పన కాదు.

ప్రజలు ఆ భారాన్ని తలవంచుకొని మోశారనుకోవటమూ పొరపాటే. 1429లో తమిళదేశంలో కుడిచేయి, ఎడమచేయి కులాలు రెండూ ఏకమై, అధికారులు అడ్డగోలుగా వేసే పన్నులు కట్టమని, ఏ పన్ను ఎంత కట్టాలో తామే నిర్ణయించి శాసనాలు వేయించాయి. సదాశివరాయల కాలంలో మంగళ్ళకు పన్నులు మాఫీ చేస్తూ వేసిన శాసనాలు ఉన్నవి. అంటే రాజ్యం పన్ను వేసినప్పుడు కింద నుండి జవాబు వచ్చిన సందర్భాలు రాతిమీదనే చెక్కివున్నవి. అవి మన చిత్ర రచయితల దృష్టికి రాలేదు. రాయల కొలువులో కవులున్నారు, నర్తకులున్నారు, కుట్రదారులున్నారు. పన్ను కట్టే మనిషి ఒక్కడూ లేడు.

హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలోని లేపాక్షికి పోయి చూస్తే ఈ విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన దేవాలయం అది. విరూపణ్ణ పెనుకొండ ఖజానా చూసే అధికారి అనీ, ఖజానా సొమ్ము గుడికి వాడాడన్న నింద వచ్చి, రాజు శిక్షించకముందే తన కళ్ళు తానే పీకి గోడకు విసిరాడనీ జనశ్రుతి. గోడమీది ఎర్రని మరకలను ఇప్పటికీ చూపిస్తారు. ఒకే పెనుకొండ సీమలో కళ్ళు పోగొట్టుకొన్న ఇద్దరు అధికారుల కథలు మిగలటం యాదృచ్ఛికం కాదు. రాజాగ్రహం ఎట్లా ఉంటుందో ప్రజలు అట్లా గుర్తుపెట్టుకొన్నారు.

కాని అదే గుడి కప్పుమీది వర్ణచిత్రాలను చూడండి. దాతలైన సోదరులు పరివారంతో సహా అక్కడ ఉన్నారు. వాళ్ళు కట్టుకొన్న బట్టల అంచులు, గళ్ళు, పువ్వులు ఎంత వివరంగా వేశారంటే, ఈనాటి నేతగాళ్ళు వాటిని చూసి చీరలకు అంచులు కూర్చుకొంటారు. బట్ట ఉన్నది, బట్ట కట్టినవాడు ఉన్నాడు, బట్ట నేసినవాడు లేడు. మన చారిత్రక చిత్రానికీ ఈ కప్పుచిత్రానికీ కూర్పులో తేడా లేదు. ఐదువందల ఏళ్ళ కిందటి చిత్రకారుడు దాత సొమ్ముతో పనిచేశాడు కాబట్టి అతన్ని క్షమించవచ్చు. టిక్కెట్టు కొన్న ప్రజల సొమ్ముతో పనిచేసే మనకు ఆ సాకు లేదు.

3

ఇక “లింకన్”. డోరిస్ కియర్న్స్ గుడ్విన్ 2005లో ప్రచురించిన జీవితచరిత్రను కొంతవరకు ఆధారం చేసుకొని టోనీ కుష్నర్ రాసిన చిత్రం ఇది. పన్నెండు ఆస్కార్ నామినేషన్లు పొంది రెండు బహుమతులు గెలిచింది. అందులో ఒకటి లింకన్ పాత్ర ధరించిన డేనియల్ డే-లూయిస్‌ది. అధ్యక్షుని పుట్టుక నుండి చావుదాకా చెప్పటం ఈ చిత్రం ఉద్దేశం కాదు. 1865 జనవరి నెలను తీసుకొని, బానిసత్వాన్ని రద్దుచేసే పదమూడవ రాజ్యాంగ సవరణ ప్రతినిధుల సభలో ఎట్లా నెగ్గిందో మాత్రమే చెప్పింది. 1864 జూన్‌లో అదే సభలో 93–65 ఓట్లు వచ్చి, మూడింట రెండు వంతులు చాలక వీగిపోయిన సవరణ, 1865 జనవరి 31న 119–56 ఓట్లతో నెగ్గింది. ఆ మధ్య దూరమే ఈ కథ.

ఈ ఎంపికలోనే చిత్రం గొప్పదనం ఉన్నది. తెరమీద ఉత్కంఠ దేనికోసం? యుద్ధంలో ఎవరు గెలుస్తారన్నదానికోసం కాదు, ఎవరు ద్రోహి అన్నదానికోసం కాదు. ఒక చట్టవాక్యానికి ఓట్లు చాలుతాయా లేదా అన్నదానికోసం. ఓట్లు ఎట్లా వచ్చాయో దాచలేదు. ఓడిపోయి ఇంటికి పోతున్న సభ్యులకు ఉద్యోగాల ఆశ చూపటం, బెదిరించటం, బతిమాలటం అన్నీ చూపింది. రాజకీయాన్ని పవిత్రమైన యజ్ఞంగా కాక మనుషులు చేసే పనిగా చూపింది. ఇది ప్రజాస్వామిక దృష్టి. థాడియస్ స్టీవెన్స్ సభలో లేచి, తన జీవితమంతా నమ్మిన సంపూర్ణ సమానత్వాన్ని నోట రానివ్వకుండా, చట్టం ముందు సమానత్వం మాత్రమే అడుగుతున్నానని చెప్పే ఘట్టం మన విద్యార్థి సంఘాలన్నీ చూసి చర్చించవలసినది. ఆశయాన్ని తగ్గించుకోవటం ఎప్పుడు వ్యూహం, ఎప్పుడు లొంగుబాటు అన్న ప్రశ్న అక్కడ ఉన్నది. దానికి చిత్రం చౌకరకం జవాబు ఇవ్వలేదు.

ఐతే సభాభవనపు తలుపులు ఈ చిత్రంలోనూ మూసుకొనే ఉన్నవి. మొదటి దృశ్యంలో నల్లజాతి సైనికులు అధ్యక్షుని ముందు నిలబడతారు. వారిలో ఒకడు జీతాల వ్యత్యాసం గురించి, తమవారిలో అధికారులు లేకపోవటం గురించి అడుగుతాడు. ఎంతో ఆశ కలిగించే ప్రారంభం! కాని ఆ సైనికుడు తరువాత కథను నడపడు. ఉత్తరాది సైన్యంలో సుమారు లక్షా ఎనభైవేలమంది నల్లజాతి సైనికులు పనిచేశారు. యుద్ధం మొదలైన నాటినుండి తోటలు విడిచి ఉత్తరాది సేనల శిబిరాలకు నడిచివచ్చిన బానిసలు లక్షలమంది. ఈ కదలికను ఒక సార్వత్రిక సమ్మెగా గుర్తించాలని డబ్ల్యు.ఇ.బి. డూబాయిస్ 1935లోనే వాదించాడు. బానిసత్వాన్ని బానిసలే పొలాలలో ముందు రద్దుచేశారు, సభ తరువాత దాన్ని కాగితంమీద పెట్టింది అన్నది ఆ వాదం సారాంశం.

తెరమీద ఫ్రెడరిక్ డగ్లస్ లేడు. అధ్యక్షభవనంలో కనిపించే ఎలిజబెత్ కెక్లీ కుట్టుపని చేసే నెమ్మదైన స్త్రీ మాత్రమే. నిజజీవితంలో ఆమె 1862లో, బానిసత్వం నుండి తప్పించుకొనివచ్చిన వారికోసం సహాయసంఘం స్థాపించిన కార్యకర్త. ఎలిజబెత్ కేడీ స్టాంటన్, సుజన్ ఆంథొనీల నాయకత్వాన స్త్రీల సంఘం బానిసత్వ నిర్మూలన కోరుతూ నాలుగు లక్షలకు దగ్గరగా సంతకాలు సేకరించింది. 1864 ఫిబ్రవరిలో మొదటి లక్ష సంతకాల కట్టలను ఇద్దరు నల్లజాతివారు మోసుకొనిపోయి సెనేటులో సమ్నర్ బల్లమీద పెట్టారు. ఇంతకంటే దృశ్యయోగ్యమైన ఘట్టం ఏ రచయితకు కావాలి? కాని జనవరి నెలకే గీసుకొన్న చట్రంలో దానికి చోటు లేదు. చట్రం ఎంచుకోవటమే రాజకీయం అని మనం అనేది ఇందుకే.

సవరణ నెగ్గిన తరువాతి కథకూ ఆ చట్రంలో చోటు లేదు. నేరానికి శిక్షగా తప్ప బానిసత్వం ఉండరాదని ఆ సవరణ వాక్యం. ఆ ‘తప్ప’ అన్న సందులోనుండి దక్షిణాది రాష్ట్రాలు ఖైదీల కూలీని అద్దెకిచ్చే పద్ధతిని లోపలికి తెచ్చుకొన్నవి. సభలో మోగిన చప్పట్లు పొలందాకా పోలేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ ఓటింగుకు మూడు రోజుల ముందు, 1865 జనవరి 28న, లండనులోని అమెరికా రాయబారి అంతర్జాతీయ కార్మిక సంఘానికి ఒక జవాబు పంపాడు. లింకన్ రెండవసారి గెలిచినందుకు ఆ సంఘం తరఫున కార్ల్ మార్క్స్ రాసిన అభినందన లేఖకు అది ప్రత్యుత్తరం. అమెరికా దూది రాక మిల్లులు మూతపడి పస్తులున్న మాంచెస్టరు కార్మికులు కూడా బానిస యజమానుల పక్షం వహించం అని అంతకుముందే లింకన్‌కు తెలియజేశారు. అదే దూది కరువు మన దేశంలో దూది ధరను, దానితోపాటు నూలు ధరను పెంచి చేనేతగాని కడుపు కొట్టింది. వాషింగ్టన్ సభలో లెక్కించిన ఓట్ల వెనుక మూడు ఖండాల శ్రామికులు ఉన్నారన్న మాట. లింకన్ గొప్పవాడు కాదని ఎవరూ అనటం లేదు. అంతమంది ఒత్తిడిని అర్థంచేసుకొని దాన్ని చట్టంగా మార్చగలగటమే అతని గొప్పదనం. ఆ ఒత్తిడిని తెరనుండి తీసేస్తే గొప్పదనం పెరగదు, తరుగుతుంది.

4

మన శాసనసభ కథకు వద్దాం. 1962లో రాయల వేషం వేసిన నటుడు 1983 జనవరి 9న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యాడు. 1985 నుండి హిందూపురం శాసనసభ్యుడు. 1989లో కల్వకుర్తిలో ఓడినా హిందూపురం గెలిపించింది. 2019లో “మహానాయకుడు” తీసినప్పుడు తండ్రి పాత్ర వేసి, చిత్రాన్ని నిర్మించిన బాలకృష్ణ అప్పటికి హిందూపురం శాసనసభ్యుడే. 2024లో కూడా అక్కడినుండే గెలిచాడు. క్రిష్ దర్శకత్వం వహించిన ఈ చిత్రం ఎన్నికలకు ముందు, ఫిబ్రవరి 22న విడుదలై వసూళ్ళలో దెబ్బతిన్నది. ఓడిపోయిన చిత్రం గురించి చర్చ ఎందుకు అనవచ్చు. అది ఓడినా దాని పద్ధతి ఓడలేదు కాబట్టి.

ఈ చిత్రానికి దొరికిన వస్తువు “లింకన్”కు దొరికినదానికి తీసిపోదు. 1984 ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ ఎన్నికైన ముఖ్యమంత్రిని తొలగించి నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించాడు. శాసనసభ్యులను కాపాడుకోవటానికి వారిని హిందూపురం సరిహద్దుకు అవతలి కర్ణాటకలో శిబిరాలలో ఉంచారు. రాష్ట్రమంతటా జనం వీధుల్లోకి వచ్చారు. ప్రతిపక్షాలు, అందులో వామపక్షాలు, ప్రజాస్వామ్య పునరుద్ధరణ కోసం ఒక్కటైనవి. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, రామారావు మళ్ళీ ప్రమాణస్వీకారం చేశాడు. ఓట్ల లెక్క ఉన్నది, సభ ఉన్నది, వీధి ఉన్నది. సభనూ వీధినీ కలిపే కథ ఇంతకన్నా స్పష్టంగా మన చరిత్రలో అరుదు.

కాని చిత్రం తన నాటకీయ భారాన్ని ఎక్కడ మోపింది? నమ్మకద్రోహంమీద, భార్య అనారోగ్యంమీద, నాయకుని ధీరోదాత్తతమీద. ఒక గవర్నరు ఒక్క సంతకంతో ఎన్నికైన ప్రభుత్వాన్ని తొలగించగలిగే అధికారం రాజ్యాంగంలో ఎక్కడినుండి వచ్చింది, దాన్ని ఎట్లా కట్టడి చెయ్యాలి అన్న ప్రశ్న వెనుకబడింది. మెజారిటీని సభలోనే తేల్చాలి అన్న సూత్రం 1994లో బొమ్మై కేసు తీర్పుదాకా గట్టిపడలేదు. రాజ్యాంగ ప్రశ్నను చిత్రం కుట్రగా, కుట్రను ఒక వ్యక్తి దుర్మార్గంగా కుదించింది. తిమ్మరుసు కథలో ఎవడు ద్రోహి అని అడిగిన తెరే యాభై ఏడేళ్ళ తరువాత కూడా అదే ప్రశ్న అడిగింది. సభ వచ్చింది, దర్బారు పోలేదు.

1984తో కథ ముగించటం కూడా గమనించాలి. 1995 ఆగస్టులో అదే నాయకుడు సొంత పార్టీవారి చేతులమీదుగా పదవి కోల్పోయిన ఘట్టం తెరమీదికి రాలేదు. ఆ ఘట్టానికి వేరే శిబిరంవారు వేరే చిత్రం తీసుకొన్నారు. ఎవరి ద్రోహిని వారు చూపించుకొన్నారు. దర్బారు పద్ధతిలో చరిత్ర రాస్తే జరిగేది ఇదే: ప్రతి వర్గానికీ ఒక తిమ్మరుసు, ఒక హంతకుడు దొరుకుతారు, ప్రజలకు ఏమీ దొరకదు.

ఆ ప్రభుత్వం చేసిన పనులలో నిజమైన నాటకం ఉన్న పని ఇంకొకటి: 1984 జనవరిలో మునసబు, కరణం పదవులను రద్దుచేసిన ఆర్డినెన్సు. ఒకే కుటుంబం చేతిలో తరతరాలుగా ఊరి లెక్కలు, పన్ను వసూలు ఉండటం అంటే ఏమిటో రాయలసీమ పల్లెలో ఎవరినడిగినా చెప్తారు. ఆ రద్దుకు ఎవరు ఎదురుతిరిగారు, ఎవరు సంతోషించారు, ఊరిలో పెత్తనం నిజంగా చేతులు మారిందా, కొత్త వేషం వేసుకొన్నదా? “లింకన్” రచయిత చేతికి ఇటువంటి వస్తువు దొరికితే ఒక చిత్రమంతా దానిమీదనే నడిపేవాడు. మనకు అది కథావస్తువు అనే తోచలేదు.

5

“సినిమాకు కథానాయకుడు కావాలయ్యా, శాసనాలు, సంతకాలు, ఆర్డినెన్సులు పెట్టి సినిమా తీస్తే ఎవరు చూస్తారు?” అని మిత్రులు అనవచ్చు. న్యాయమైన ఆక్షేపణే. కాని ఓట్ల లెక్కమీద తీసిన “లింకన్”ను ప్రపంచమంతా చూసింది. మన సంగతే తీసుకొంటే గూడవల్లి రామబ్రహ్మం 1939లోనే “రైతుబిడ్డ”లో జమీందారీ పెత్తనాన్ని తెరకెక్కించాడు. గౌతం ఘోష్ తీసిన “మా భూమి” తెలంగాణ రైతాంగ పోరాటాన్ని ఒక వెట్టివాని కొడుకు కళ్ళతో చూపింది. దాన్నీ జనం చూశారు. కథానాయకుడు ఉండకూడదని మనం అనటం లేదు. అతన్ని కదిలించిన శక్తులు కూడా తెరమీద ఉండాలి అంటున్నాం. మహాపురుషుడు కాలానికి మూలం కాదు, కాలం అడిగిన పని చేసినవాడు అన్న ఎరుక కథనంలో కనబడాలి.

ఇది సినిమా శిల్పానికి మాత్రమే సంబంధించిన చర్చ కాదు. హిందూపురం మార్కెట్టులో పట్టుగూళ్ళు వేలం అవుతాయి. ఆ పట్టు ధర్మవరం మగ్గాలకు చేరుతుంది. రాయల వేషానికైనా, ముఖ్యమంత్రి ఇంటి పెళ్ళికైనా కట్టే పట్టు గుంటమగ్గంలో కాళ్ళు పెట్టి కూర్చున్న మనిషి చేతి పని. చేనేతకు ప్రత్యేకించిన రకాలను మరమగ్గాలమీద నేయరాదని 1985లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఆ చట్టం ఉండగానే మరమగ్గం చీర చేనేత పేరుతో అమ్ముడవుతున్నదని ధర్మవరం నేతగాళ్ళు మళ్ళీ మళ్ళీ మొరపెట్టుకొంటూనే ఉన్నారు. సభలో చట్టం నెగ్గటంతో కథ ముగుస్తుందని నమ్మించే చిత్రం ఈ నేతగానికి అన్యాయం చేస్తుంది. అతని కథ చట్టం నెగ్గిన మరునాటినుండి మొదలవుతుంది. మంచి నాయకుడు వస్తే అన్నీ చక్కబడతాయని నమ్మించే చిత్రం ఇంకా పెద్ద అన్యాయం చేస్తుంది. ఆ నమ్మకంతో అతడు సంఘం పెట్టుకోవటం మాని, దర్శనంకోసం క్యూలో నిలబడతాడు.

కాబట్టి మన విద్యార్థులూ ఉపాధ్యాయులూ చెయ్యగల పనులు కొన్ని ఉన్నవి. చారిత్రక చిత్రం వచ్చినప్పుడల్లా దాని తప్పుల పట్టికతో ఆగకుండా, అది తెరమీదికి రానివ్వని మనుషుల పట్టిక తయారుచెయ్యాలి. మూడు ప్రశ్నలు అడగాలి: ఇందులో అధికారం ఎక్కడినుండి వచ్చింది? దానికి ఎదురు చెప్పినవాళ్ళు ఎవరు? నాయకుడు గెలిచిన మరునాడు వాళ్ళ బతుకు ఏమైంది? పెనుకొండకు విహారయాత్రకు పోయే తరగతులు గగనమహలును చూసి ఫొటోలు దిగి వచ్చేస్తున్నవి. ఆ సీమ శాసనాలలో పన్నుల ప్రస్తావన ఎక్కడెక్కడ ఉన్నదో చదివించి, విద్యార్థుల చేత సులభమైన తెలుగులో రాయించాలి. ధర్మవరం మగ్గాల వీథులలో వృద్ధుల నోట 1984 ఆగస్టు ఎట్లా గుర్తున్నదో, ఆ నెలలో తమ వీథిలో ఏమి జరిగిందో అడిగి రాసిపెట్టాలి. రేపు తెలుగు సభ కథను నిజంగా తెరకెక్కించాలనుకొనే రచయితకు కావలసిన ముడిసరుకు అది. ఆ ముడిసరుకు సిద్ధంగా లేనంతకాలం అతను మళ్ళీ దర్బారు కథే రాస్తాడు, మనం మళ్ళీ అదే కన్నీరు పెడతాం.